ఛాయాచిత్రమును దాని క్రింది మాటయు

1904వ సంవత్సరము మే నెల 14వ తేదీన, ఆఫ్రికాఖండమునందలి కాంగోదేశములో, బరింగా యను చోట నొక క్రైస్తవ మిషను ఇంటి వసారాలో తీసిన ఛాయాచిత్రమొకటి కలదు. వసారా యంచున నొక పురుషుడు కూర్చుండియున్నాడు. అతని యెదుట నేలమీద రెండు చిన్న వస్తువులున్నవి. అతడు వానివంక చూచుచున్నాడు. చిత్రములో నెత్తురు లేదు, ఏడ్పు లేదు.

నేనీ చిత్రమును, దాని క్రింది వ్రాత కనబడకుండ కాగితముతో మూసి, నా తరగతిలోని పిల్లలకు చూపితిని. పనిచేసి యలసి అరుగుమీద కూర్చున్నాడని యొక బాలుడనెను. ఎదుటనున్నవి దుంపలనియు, అమ్మకమునకు తెచ్చెననియు ఒక బాలిక చెప్పెను. పిమ్మట కాగితము తీసితిని. అతని పేరు న్సాలా. ఎదుటనున్నవి యతని యైదేండ్ల కూతురు బోఆలి యొక్క చేయియు పాదమును. దుంపలన్న బాలిక చిత్రమును మరల నడిగి పుచ్చుకొని చూచెను.

ఆ వృత్తాంతమిది. 1885 మొదలు కాంగోదేశము బెల్జియము రాజగు రెండవ లియొపోల్డునకు స్వంత జమీనువలె నుండెను. సైకిళ్లకును మోటారులకును గాలి చక్రములు వచ్చుటతో రబ్బరు గిరాకి హెచ్చెను. ఊరికింత యని రబ్బరు కొలత విధించి, తీర్చనివారిపై సాయుధులగు కావలివాండ్రను తోలిరి. తుపాకి గుండ్లు వేటకు వ్యర్థపుచ్చలేదని ఋజువు చేయుటకు, చంపినవారి చేతులు కోసి లెక్క యప్పగించు దుర్మార్గము ప్రబలెను. బరింగా ప్రాంతము ఆంగ్లో బెల్జియన్ ఇండియా రబ్బరు కంపెనీవారిది. (పేరులో ఇండియా యున్నను మన దేశముతో నిమిత్తము లేదు, ఇంగ్లీషువారు రబ్బరునకే యా పేరు పెట్టిరి.) న్సాలా యుండు వాలా గ్రామము కొలత తీర్చలేకపోగా, కావలివాండ్రతని భార్యను కూతురును చంపిరి. మిగిలినదానిని అతడు ఆకులో చుట్టుకొని మిషను ఇంటికి తెచ్చెను. అచటనున్న ఆలిస్ సీలీ హారిస్ అను నామె యతనిని వసారాలో కూర్చుండబెట్టి చిత్రము తీసెను.

అంతకు మూడునెలలకు ముందే బ్రిటిషు కాన్సలగు రోజర్ కేస్‌మెంట్ నివేదిక ప్రకటింపబడినది. స్వయముగా తిరిగి, బాధితుల నోటనే విని వ్రాసినదది. కాని లండనులోని అధికారులు దానిలోని మనుష్యుల పేర్లను, ఊళ్ల పేర్లను తీసివైచి అక్షరములు నిలిపిరి. అక్షరమునకు తల్లి లేదు, బిడ్డ లేదు. చదువరి దేనికొఱకు దుఃఖించును? కేస్‌మెంట్ ఆగ్రహించుట న్యాయమే.

మాట లేని చిత్రము గతియు నట్టిదే. చేయి పోయిన ఎపొండో యను యువకుని విషయము వెలికి రాగా, లియొపోల్డు పక్షమువారు దానిని అడవిపంది కొఱికినదని చెప్పిరి. తెగిన చేయి యెట్లు తెగినదో తాను చెప్పలేదు గదా! మనము వ్రాయక విడిచిన చోట నెదిరి తన మాట వ్రాసికొనును.

ఈ సంగతిని బాగుగా గ్రహించినవాడు ఇ. డి. మోరెల్. ఓడల కంపెనీలో గుమాస్తాగా నుండి, కాంగోనుండి రబ్బరు వచ్చుచుండ అచ్చటికి తుపాకులును గుండ్లును తప్ప తగిన సరకేమియు పోకుండుటను లెక్కలలో కనిపెట్టినవాడాతడు. ఆతడు 1904లో కాంగో సంస్కరణ సంఘమును స్థాపించి, ఆ యేటనే వెలువరించిన గ్రంథమున న్సాలా చిత్రమును చేర్చెను. 1905లో అమెరికా రచయిత మార్క్ ట్వేన్ లియొపోల్డు స్వగతముగా నొక వ్యంగ్యరచన చేసి, లంచమునకు లొంగని సాక్షి కోడక్ పెట్టె యొక్కటేయని ఆ రాజుచేతనే వాపోవజేసెను.

అయినను పుస్తకములకంటె నెక్కువ పనిచేసినవి మాయాదీపపు ఉపన్యాసములు. హారిస్ దంపతులు స్వదేశమునకు మరలి ఊరూర సభలు జరిపిరి. గది చీకటిచేసి, గాజుపలకమీది చిత్రమును తెఱపై వేసి, దానినిగూర్చి చెప్పెడివారు. అఱువది పలకలకును తోడుగా చదువవలసిన ఉపన్యాసమొకటి అచ్చుపడెను గనుక, కాంగో నెన్నడు చూడనివారును సభ నడపవచ్చును. చదువువాడు ఆపిన చోట చిత్రము మాటాడును. చిత్రము మూగవోయిన చోట నతడు పేరు చెప్పును. 1908లో లియొపోల్డు కాంగోను బెల్జియము ప్రభుత్వమునకు విడువవలసివచ్చెను. దీనికి చిత్రములే కారణమనుట అతిశయోక్తి; కాని అవి లేనిచో నంత ప్రజాభిప్రాయము కూడియుండెడిది కాదని నా నమ్మకము. ఆ యుపన్యాసకులు లియొపోల్డు దొరతనమును నిందించిరే కాని, పరులపై దొరతనమును నిందింపలేదనుటయు నిజమే.

మనవారి చిత్రములును కొన్ని కలవు. 1876-78 నాటి క్షామములో బళ్లారి, కర్నూలు, కడప సీమలతో చెన్నరాజధాని యంతయు నల్లాడుచుండగా, డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ అను సైనికోద్యోగి యస్థిపంజరములవలె నున్నవారిని వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. వానిలో నొకదాని క్రింది వ్రాతకు, ఉచిత సహాయమునకు తగినవారని యర్థము. అది దానము పంచు గుమాస్తా చిట్టాలోని మాట. ఎముకలు లెక్కపెట్టదగినంత స్పష్టముగా నున్న ఆ చిత్రము క్రింద ఒక్కరి పేరును లేదు.