తెలుగు అక్షరం - తాళంచెవి ఎవరి చేతిలో?

మా ఊరు తుమ్మలపల్లె. కడప జిల్లా, వేముల మండలం. ఈ పేరు చెప్పగానే బయటివాళ్లకు యురేనియం గుర్తుకొస్తుంది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో పని మొదలుపెట్టిన గని అది. భూమి రైతు పేరు మీదనే ఉంటుంది. దాని కింద అణుఖనిజం పడితే మాత్రం, చట్టం ప్రకారం నిర్ణయం కేంద్ర ప్రభుత్వానిది. పైమట్టి మాది, లోపలిది మాది కాదు అన్న సంగతి మా ఊరివాళ్లకు ఒకరు నేర్పనక్కరలేదు.

ఈ వ్యాసం గనిని గురించి కాదు. డబ్బిచ్చి కొన్న వస్తువులో పైభాగం మాత్రమే మనది, లోపలిది మరొకరిది అనే ఇదే పరిస్థితి రచయిత రాతబల్ల మీదికి ఎట్లా వచ్చిందో పరిశీలించడం దీని ఉద్దేశం. ఇది సాంకేతిక నిపుణుల గొడవ, సాహిత్యకారులకు ఏం పని అని అనేవాళ్లుంటారు. నేనూ మొన్నటిదాకా అట్లాగే అనుకున్నాను.

1

నా మిత్రుడొకరు కథలు రాసేవాడు. మూడేండ్ల కిందట పోయినాడు. ఆయన కథలు పందొమ్మిది ఒక సంపుటంగా తేవాలని బతికుండగానే పులివెందులలో ఒక డిటిపి కేంద్రంలో కంపోజు చేయించి పెట్టుకున్నాడు. డబ్బు సర్దక అచ్చు ఆగిపోయింది. ఆయన పోయిన తర్వాత ఆ పని మేం తలకెత్తుకున్నాం. దస్త్రాలు ఆ కేంద్రంలోని కంప్యూటరులోనే భద్రంగా ఉన్నాయి. వాటిని తెరవాలంటే ఒక తెలుగు రాత సాఫ్టువేరు ఉండాలి. ఆ సాఫ్టువేరు నడవాలంటే కంప్యూటరు వెనక బొటనవేలంత ఒక తాళం బిగించాలి. డబ్బు పెట్టి కొన్న తాళమే అది. ఏండ్ల తరబడి పనిచేసింది.

ప్రూఫులు చూద్దామని నేను పోయిన రోజు ఆపరేటరు తల పట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రి కట్టెయ్యకుండా ఇంటికి పోతి సార్. పొద్దున వచ్చి చూస్తే దానంతట అదే ఏందేందో మార్చుకోనుంది. ఇప్పుడు తాళమే కనపల్లేదంటాది" అన్నాడు.

"నువ్వు సరేనని నొక్కితివా?" అని అడిగాను.

"నన్నెవురడిగినారు సార్!" అన్నాడు.

సాఫ్టువేరు అమ్మిన సంస్థకు ఫోను చేస్తే, ఆ పాతదానికి మద్దతు ఆపేసి చాలా కాలమైందనీ, కొత్తది కొనుక్కొమ్మనీ చెప్పారు. కొత్తది పాత దస్త్రాలను తెరుస్తుందా అంటే తెరవదన్నారు. యంత్రం మాది, కరెంటు మాది, కథలు మా మిత్రుడివి. తెరిచే అధికారం మాత్రం మా ముగ్గురిలో ఎవరికీ లేదు. "నన్నెవురడిగినారు" అన్న ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

2

మా జిల్లా కేంద్రంలోనే ఇందుకు ఒక మంచి ఉదాహరణ ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ 1820లో తొలిసారి, 1826లో మళ్లీ కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, జీతాలిచ్చి పండితులనూ లేఖకులనూ పెట్టుకుని, తాళపత్రాల మీది కావ్యాలను కాగితాల మీదికి ఎత్తి రాయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. బ్రౌను ఏ ప్రభుత్వానికి సేవ చేశాడో మనకు తెలుసు. అది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది పని జరిగిన పద్ధతిని. తాళపత్రం శిథిలమవుతున్న మాధ్యమం, కాగితం కొత్త మాధ్యమం. పాతదాన్నుంచి కొత్తదానికి సాహిత్యం చేరడానికి కావలసినవి రెండే: ఆకు దొరకడం, అక్షరం చదవగల మనిషి ఉండడం. ఆకు చెక్కినవాడి అనుమతి లేకపోతే అక్షరాలు కనిపించకుండా పోయే ప్రమాదం లేదు. చదువు కొన్ని కులాల చేతుల్లోనే ఉండేదన్నది నిజమే. ఆ అడ్డు సమాజంలో ఉండేదిగాని ఆకులో లేదు.

అచ్చుయంత్రం వచ్చిన తర్వాత కూడా ఈ లక్షణం మారలేదు. 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో షుల్జ్ తెలుగు అచ్చు వేసిన నాటినుంచి, మా తరం చూసిన ట్రెడిల్ ప్రెస్సుల దాకా, సీసపు అక్షరం కొన్నవాడిదే. కేసులో అక్షరాలు అరిగితే కరిగించి మళ్లీ పోత పోయించుకునేవారు. కంపోజిటరు కండ్లు పోగొట్టుకుని స్టిక్కులో పేర్చిన పేజీని, అక్షరాలు పోతపోసిన ఫౌండ్రీవాడు రాత్రిపూట వచ్చి తారుమారు చేయడం అనేది ఊహకందని విషయం. ఆంక్షలు లేవని కాదు. 1878 దేశభాషా పత్రికల చట్టం, 1910 ప్రెస్ చట్టం మనకు తెలిసినవే. అయితే ఆ రోజుల్లో జప్తు ఉత్తర్వు కాగితం మీద వచ్చేది. దానిమీద ఒక అధికారి సంతకం ఉండేది. ఎదిరించడానికి ఎదుట ఒక మనిషి కనిపించేవాడు.

3

ఈ సంబంధం మారిన కాలాన్ని స్థూలంగా 1970ల చివరగా గుర్తించవచ్చు. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ప్రోగ్రాములను డబ్బివ్వకుండా పంచుకోవడం దొంగతనమన్నది దాని సారాంశం. శ్రమకు ఫలితం దక్కాలన్న వాదనను తోసిపుచ్చలేం. కాని శ్రమకు ధర కట్టే ప్రశ్న నుంచి, కొన్నవాడు లోపలికి తొంగి చూడరాదన్న నియమం దాకా ఎంతో కాలం పట్టలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటి ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ తెలియజేసే చిన్న ఏర్పాటు అందులో చేద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు ప్రయత్నించాడు. దాని మూల రచన ఉన్న మనిషి, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాట ఇచ్చానంటూ నిరాకరించాడు. ఈ అనుభవమే 1983లో గ్నూ ఉద్యమానికి ఒక ప్రేరణ. నడపడం, చదివి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్ని పంచుకోవడం - ఈ నాలుగు స్వేచ్ఛలూ వాడేవాడివి కావాలని ఆ ఉద్యమం కోరింది.

సాహిత్య విద్యార్థులు ఒక విషయం తెలుసుకోవాలి. భారత కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగానే లెక్కిస్తుంది. కథా, ప్రోగ్రామూ చట్టం దృష్టిలో ఒకే వరుసలో ఉన్నాయి. కథను కొన్న పాఠకుడు చదవగలడు. ప్రోగ్రామును కొన్నవాడికి చదివే వీలుండదు. అతనికి దక్కేది వస్తువు కాదు, షరతులతో కూడిన లైసెన్సు. 2012 సవరణతో ఆ చట్టంలోకి మరో సెక్షను చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

తెలుగు సంగతికొద్దాం. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం వెలువడింది. అదే సంవత్సరం యూనికోడు మొదటి ప్రమాణంలో తెలుగుకు చోటు దొరికింది. అయినా మన పత్రికలు, ప్రచురణకర్తలు, డిటిపి కేంద్రాలు దశాబ్దాల పాటు ఎవరి సంకేతాలు వారివిగా ఉన్న ఫాంటుల మీదనే నడిచాయి. అప్పటి పుట అమరిక సాఫ్టువేర్లకు మన గుణింతాలను, వత్తులను అమర్చడం రాకపోవడం ఒక కారణం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి పని గడుపుకున్నారు. ఒక కంపెనీ ఫాంటులో అ ఉన్నచోట మరో కంపెనీ ఫాంటులో మరొక ముక్క ఉంటుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు మాయమై అర్థం లేని ఇంగ్లీషు గీతలు మిగులుతాయి. ఖాతాదారు మరో కంపెనీకి మారలేకపోవడం అమ్మేవాడికి నష్టం కాదు గనక, ఈ గందరగోళాన్ని తొలగించే తొందర మార్కెట్టుకు కలగలేదు. మా మిత్రుని కథల మీది తాళం ఆ కాలపు అవశేషమే.

4

ఇంటర్నెట్టు వచ్చేదాకా ఈ తాళం కదలకుండా ఒకచోట ఉండేది. ఇంటర్నెట్టుతో, అమ్మినవాడి చేయి అమ్మిన వస్తువులోపలే శాశ్వతంగా ఉండిపోయే ఏర్పాటు జరిగింది. 2009 జులైలో అమెజాన్ సంస్థ, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న ఆర్వెల్ పుస్తకాలను వారి కిండిల్ పరికరాల్లోంచి దూరంనుంచే తుడిచేసింది. అమ్మినవాడికి హక్కులు లేవని తేలడం కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు. కాని పుస్తకాల దుకాణదారు అర్ధరాత్రి మన అల్మరా తెరిచి పుస్తకం తీసుకుపోయి, గూట్లో డబ్బు పెట్టిపోతే మనం ఊరుకుంటామా? 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని అప్‌డేట్ల ద్వారా తగ్గించినట్టు ఒప్పుకుంది. యజమానులకు ఆ సంగతి చెప్పనందుకు ఫ్రాన్సులో 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా పడింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. దాని తర్వాతి వెర్షన్‌కు కావలసిన భద్రతా చిప్పు లేని యంత్రాలు, బాగా పనిచేస్తున్నా, కాలం చెల్లిన లెక్కలోకి పోయాయి.

అప్‌డేట్లే వద్దనడం తెలివితక్కువ. 2017 మే నెలలో వానాక్రై అనే దాడి ప్రపంచమంతటా జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదలైంది. వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. కనుక మందు అవసరమే. మన అభ్యంతరం మందు మీద కాదు. మందుతో కలిపి మరేదో తాగించడం మీద, ఏమిస్తున్నారో చెప్పకపోవడం మీద, వద్దనే హక్కు లేకపోవడం మీద.

ఈ పరాధీనత ఎంత లోతైనదో 2018 ఫిబ్రవరిలో మన లిపి సాక్షిగానే బయటపడింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనపడని ఒక విభజన సంకేతం, దీర్ఘం - ఈ వరుసలో 'జ్ఞా' అనే అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ సందేశాల యాప్ కూలిపోయింది. ప్రపంచ పత్రికలు తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని రాశాయి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని అమర్చడం చేతకాని ప్రోగ్రాముది. ఫిబ్రవరి 19న వచ్చిన అప్‌డేటుతో అది సర్దుకుంది. అంతదాకా, జ్ఞానమన్న మాటను చిన్ననాడే పలకమీద దిద్దిన మనం, మన అక్షరాన్ని మన చేతిలోని ఫోనులో సరిచేసుకోలేకపోయాం. అంతకుముందు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు బదులు గళ్లు కనిపించిన రోజులు మనకు గుర్తే. ఒక ఫాంటు చేర్చుకోవాలంటే కంపెనీ పెట్టిన కట్టుబాటును తెంచి, వారంటీ పోగొట్టుకోవలసి వచ్చేది.

5

ఈ తాళంచెవి కంపెనీల దగ్గరే ఆగిపోలేదు. 2022 ఆగస్టులో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ, ఉపాధ్యాయుల ముఖాలను గుర్తించి హాజరు వేసే యాప్‌ను వారి సొంత ఫోన్లలోనే వేసుకోవాలన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలన్నాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో దాదాపు అన్నిచోట్లా రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటోలు ఎక్కించడం తప్పనిసరి చేశారు. మేటు సొంత ఫోను సర్కారు రిజిస్టరు అయింది. ఫొటోలు ఎక్కకపోతే కూలీ చేసిన పనికి సాక్ష్యం లేకుండా పోయేది. 2025 నవంబరు 28న కేంద్ర టెలికం శాఖ సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో ముందే పెట్టాలనీ, తయారైపోయిన వాటిలోకి అప్‌డేటు ద్వారా పంపాలనీ ఆదేశించింది. దేశమంతా గోల లేచింది. డిసెంబరు 3న తప్పనిసరి అన్న నిబంధనను ఉపసంహరించుకుంది. ఐదు రోజుల్లో ఒక ఉత్తర్వు వెనక్కి పోవడం చిన్న విషయం కాదు. అడిగేవాళ్లుంటే జవాబు వస్తుందని అది రుజువు చేసింది.

రచయితలుగా మనం చేయగలిగినది ఏమిటి? మొదటిది, మన రాతలను యూనికోడులో, ఏ కంపెనీకీ చెందని మామూలు పాఠ్య దస్త్రాలుగా కూడా దాచుకోవడం. రెండవది, సంపుటాలు వేసేటప్పుడు ప్రచురణకర్తనుంచి పుస్తకం ప్రతులతోపాటు ఆ పాఠ్యాన్ని కూడా అడిగి తీసుకోవడం. మూడవది, గిడుగు, గురజాడ, సురవరం, మండలి పేర్లతో స్వేచ్ఛా లైసెన్సు కింద వచ్చిన ఫాంటుల వంటివాటిని వాడడం, అటువంటి పనిచేసేవాళ్లకు తోడ్పడడం. నాలుగవది, సొంత పరికరాన్ని విప్పి బాగుచేసుకునే హక్కు, అప్‌డేటును వద్దనే హక్కు పౌరహక్కులేనని మన సంఘాల వేదికల మీద చెప్పడం. పదేళ్ల తర్వాత పరిశోధకుడు తొంభైల నాటి కథకోసం వెతికినప్పుడు, తాళపత్రం దొరికి డిటిపి దస్త్రం దొరకకపోతే ఆ తప్పులో మనకూ భాగముంటుంది.

మా మిత్రుని సంపుటం సంగతి చెప్పి ముగిస్తాను. తొమ్మిది కథలు మరో రూపంలో దాచినవి దొరికాయి. గజిబిజి ఇంగ్లీషులో ఉన్నవాటిని ఒక విద్యార్థి యూనికోడులోకి మార్చాడు. వత్తులు చెదిరిపోతే ఇద్దరం కూర్చుని సరిచేశాం. తర్వాత వదిన ట్రంకుపెట్టె తెరిచి గీతల నోటుబుక్కులు తీసింది. "ఇవి పనికొస్తాయేమో చూడు మరిదీ" అంది. వాటిలో ఎనిమిది కథలున్నాయి. చెదలు కొంచెం తిన్నా చదవగలిగాం. పదిహేడు కథలతో పుస్తకం వస్తోంది. మిగిలిన రెండూ నేరుగా కంప్యూటరు మీదనే తిరగరాసినవి, ఏ పత్రికలోనూ పడనివి. అవి పులివెందులలో ఆ డిస్కులోనే ఉన్నాయి. ఆ కాలపు యంత్రం, తాళంతో సహా ఇంకా నడుస్తున్న డిటిపి కేంద్రం ఎవరికైనా తెలిస్తే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయవలసిందిగా కోరుతున్నాను.