చీనీ సాగులో వేరుమూలం

వేరుమూలం అనగా అంటుకట్టిన మొక్కకు వేళ్ళను, కాండపు అడుగుభాగాన్ని ఇచ్చే మొక్క. దానిపై అతికించిన మేలురకపు కన్ను పెరిగి చెట్టు పైభాగమవుతుంది. రాయలసీమలో చీనీ అని, ఇతర తెలుగు ప్రాంతాలలో బత్తాయి అని పిలువబడే సాత్‌గుడి రకాన్ని సాధారణంగా కన్ను అంటు పద్ధతిలో పెంచుతారు. పండు పైభాగపు జాతిదే అయినా, ఆకులకు ఎంత నీరు, ఏ లవణాలు చేరుతాయన్నది చాలావరకు వేరుమూలంపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

కడప, అనంతపురం జిల్లాలు చీనీ తోటలకు పేరుపొందినవి. అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. బోర్లు ఎండిన సంవత్సరాలలో రైతులు ట్యాంకర్లతో నీరు తెచ్చి చెట్లను బ్రతికించుకున్న సందర్భాలు కలవు. 2022లో కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లాలో చేరిన డోన్ కూడా ఇదే మెట్టసీమకు చెందినది. డోన్, బేతంచెర్ల పరిసరాలలో సున్నపురాయి, నాపరాయి గనులు కలవు. సున్నం అధికంగా ఉన్న నేలలో ఇనుము ఉన్నప్పటికీ వేళ్ళకు అందదు. కావున ఇటువంటి చోట్ల చీనీ వేయదలచిన రైతుకు నీటి కొరతతో పాటు నేల స్వభావం కూడా ముఖ్యమే.

అతుకు ఏర్పడే విధానం

వేరుమూలపు బెరడును చీల్చి, అందులో చీనీ కన్నును అమర్చి పట్టీతో కట్టుతారు. రెండింటి బెరడు క్రింది పెరుగుదల పొరలు తాకిన చోట మెత్తని కణజాలం ఏర్పడుతుంది. దానిలో నీటిని పైకి తీసుకుపోయే దారువు, ఆహారాన్ని క్రిందికి తీసుకుపోయే పోషక కణజాలం క్రొత్తగా ఏర్పడి రెండు మొక్కలనూ కలుపుతాయి. అతుకు సరిగా కుదరని చెట్టులో ఈ మార్గం ఇరుకై, నేలలో తేమ ఉన్నా ఆకులు వాడుతాయి.

నీటి గ్రహణం

ఆంధ్రప్రదేశ్‌లో చీనీకి ముఖ్యంగా వాడే వేరుమూలాలు జంబేరి, రంగపూర్ నిమ్మ. జంబేరి బలంగా పెరిగి పెద్ద చెట్టును, పెద్ద కాయలను ఇస్తుంది. అయితే కాయల తోలు మందంగాను, రసంలో చక్కెర తక్కువగాను ఉంటాయి. వేళ్ళు నీటిని సమృద్ధిగా అందించుటచే రసం పలుచబడడం దీనికి ఒక కారణంగా చెబుతారు. నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ పేరుతో పిలువబడే రంగపూర్ నిమ్మ కరవుకు తట్టుకొంటుంది. నేలలో తేమ తగ్గినపుడు ఇది వేళ్ళ పెరుగుదలను కొనసాగించి, దూరపు తేమను అందుకొంటుంది.

పోషకాల గ్రహణం

నిమ్మజాతి వేళ్ళకు నూగువేళ్ళు తక్కువ. భాస్వరం వంటి పోషకాల కొరకు అవి వేళ్ళతో కలిసి జీవించే శిలీంధ్రాలపై ఎక్కువగా ఆధారపడతాయి. ఉప్పునీటి బోర్ల క్రింద రంగపూర్ నిమ్మ క్లోరైడును ఆకులకు ఎక్కువగా చేరనివ్వదు. మూడాకుల నారింజ అనబడే వేరుమూలం సున్నపు నేలలో ఇనుమును సరిగా గ్రహించలేదు; లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి పసుపు రంగుకు మారుతాయి. అటువంటి నేలకు రంగపూర్ నిమ్మ మేలు.

ఇతర పంటలలో

ఇదే సూత్రం కూరగాయలకూ వర్తిస్తుంది. జపాన్, కొరియా దేశాలలో కీరదోసను గుమ్మడి జాతుల వేళ్ళపై అంటుకట్టుతారు. చల్లని నేలలో దోసవేళ్ళు నీటిని పీల్చలేకపోయినా కొన్ని గుమ్మడి జాతుల వేళ్ళు పీల్చగలవు. సిలికాను తక్కువగా గ్రహించే కొన్ని గుమ్మడి వేరుమూలాలపై కాసిన దోసకాయకు తెల్లని బూడిదపొర ఉండక నిగనిగలాడుతుంది. కాని సిలికా తగ్గినందున ఆ మొక్కల ఆకులకు బూడిద తెగులు తేలికగా సోకుతుంది. ఒక గుణం కొరకు మరొకటి వదులుకోవలసి రావడం వేరుమూలాల ఎంపికలో సాధారణం.

పరిమితులు

వేరుమూలం నీటిని సృష్టించదు. ఉన్న తేమను వాడుకొనే శక్తిని మాత్రమే పెంచుతుంది. అన్ని తోటలూ ఒకే వేరుమూలంపై ఆధారపడడం కూడా ప్రమాదకరమే. బ్రెజిల్‌లో 1940లలో ట్రిస్టెజా వైరస్ వలన పుల్లనారింజ వేళ్ళపై ఉన్న తోటలు నశించగా, రైతులు రంగపూర్ నిమ్మను విస్తృతంగా నాటారు. 1999లో మినాస్ జెరైస్ రాష్ట్రంలో కనిపించిన ఆకస్మిక మరణ వ్యాధి ఈ చెట్లకే సోకింది. అతుకు క్రింద వేరుమూలపు పోషక కణజాలం చెడి, ఆకుల నుండి ఆహారం అందక వేళ్ళు చచ్చి, నీరు పైకి రాక చెట్టు ఎండిపోయేది. అక్కడి రైతులు మరొక జాతి మొక్కను ప్రక్కన నాటి, చెట్టు కాండానికి అతికించి క్రొత్త వేళ్ళను ఇచ్చారు. వేళ్ళు ఆకులకు నీరు అందించునట్లే, ఆకులు వేళ్ళను పోషిస్తాయి.

మొక్కల ఎంపిక

* కొనేముందు అంట్లు ఏ వేరుమూలంపై కట్టినవో అడిగి తెలుసుకోవలెను. తోట నాటిన పిదప మార్చడం కష్టం.
* అతుకు నేలకు 15 నుండి 20 సెం.మీ. ఎత్తున ఉండవలెను. అది మట్టిలో కూరుకుపోతే చీనీకే వేళ్ళు వచ్చి వేరుమూలపు ప్రయోజనం పోతుంది. బంక తెగులు కూడా సోకవచ్చు.
* అతుకు క్రింద వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తీసివేయవలెను.