మార్లవాయి నుంచి ఎం.ఏ. క్లాసు దాకా

మన పిల్లలు కొందరు ఇప్పుడు అభివృద్ధి విధానాలు, ప్రణాళిక అనే సబ్జెక్టులో పీజీ చదువుతున్నారు. పదేళ్ల కిందట మన గూడేల్లో ఈ చదువు పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడు హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "మా సిలబస్‌లో మన ఉట్నూరు ఉంది" అని చెబుతున్నారు. మాలో ఒకరు అట్లాంటి క్లాసులోనే కూర్చున్నారు. తెర మీద మన ఏజెన్సీ మ్యాపు వేశారు. కింద ఒక పట్టికలో ఊళ్ల పేర్లు ఉన్నాయి, వాటి పక్కన లబ్ధిదారుల సంఖ్య. పేర్లలో రెండు తప్పుగా ఉన్నాయి. ఆ రెండింట్లో ఒకటి మావాడి సొంత ఊరు. లేచి చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాడు. ఆ సిగ్గు ఎక్కడిదని మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. దాని వెనుక ఒక చరిత్ర ఉంది.

మన ప్రాంతానికి సంబంధించి ఈ చదువు మొదలైంది యూనివర్సిటీలో కాదు, జోడేఘాట్‌లో. పన్నెండు ఊళ్ల భూమి మాది, మా మీద మా పెత్తనమే ఉండాలి అని కుమ్రం భీము అడిగాడు. 1940లో నిజాం పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతే, గోండులు ఎందుకు తిరగబడ్డారని సర్కారుకు సందేహం వచ్చింది. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో చెంచుల మధ్య ఉండి రాసుకుంటున్న ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ వైపు పంపారు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. ఆయన్ను మన వాళ్లు దేవుడిలా చూస్తారు. మేమూ గౌరవిస్తాం. అయితే ఆయన్ను మన దగ్గరికి రప్పించింది భీము రక్తమని కూడా చెప్పుకోవాలి. పాఠ్య పుస్తకాల్లో ఈ వరుస తలకిందులవుతుంది: ముందు పండితుడు వస్తాడు, వెనక ఎక్కడో తిరుగుబాటు ఒక పేరాగా ఉంటుంది.

హైమన్‌డార్ఫ్ కనిపెట్టినది ఏమిటి? మన తాతలకు తెలిసినదే. గట్ల మీది తేలిక నేలను రెండు మూడేళ్లు సాగు చేస్తే సారం పోతుంది. దాన్ని బీడు వదిలి పక్క చెలకకు పోవాలి, కొన్నేళ్లకు మళ్లీ తిరిగి రావాలి. బీడు అంటే వదిలేసిన భూమి కాదు, పడుకున్న భూమి. రెవెన్యూ వాళ్ల లెక్కలో ఈ మాటకు చోటు లేదు. సాగులో లేనిది ఖాళీ, ఖాళీది సర్కారుది, సర్కారుది అడిగినవాడిది. దరఖాస్తు రాయడం తెలిసిన బయటివాడు పట్వారీని పట్టుకుని పట్టా చేయించుకున్నాడు. ఇంకోపక్క జంగ్లాత్ వాళ్లు రిజర్వు ఫారెస్టు గీతలు గీసి, మన చెలకలను అడవిలో కలిపి, ఊళ్లను లేపేశారు. ఒక్క పదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ఇంత జరిగింది. తప్పుగా అర్థం చేసుకున్నారో, కావాలనే చేశారో ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు.

ఆయన నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. పనులు అంతకు ముందే మొదలయ్యాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టారు. గోండి వాచకాలు తయారు చేశారు. అప్పటి అక్కడి వాడుకను బట్టి వాటిని మరాఠీ లిపిలో రాశారు. ఆదివాసీలకు లావుణి పట్టాలు ఇప్పించారు. సేతు మాధవరావు పగడి అనే అధికారి ఈ పనికి వచ్చి గోండి నేర్చుకున్నాడు. 1949లో ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం కూడా రాశాడు. ప్రణాళిక వేసే మనిషి మన భాష నేర్చుకుని వచ్చిన సందర్భాలు మళ్లీ ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భూమి, బడి, భాష ఈ మూడూ ఒకే ప్రణాళికలో కలిసి నడిచిన కాలం అది. చాలా చిన్న కాలం.

హైమన్‌డార్ఫ్ ఉస్మానియాలోనూ పాఠం చెప్పారు. తర్వాత లండన్ వెళ్లి అక్కడి ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో దశాబ్దాల పాటు బోధించారు. మన తాతముత్తాతల ఫొటోలు, ఆయన రాసుకున్న డైరీలు ఆ కళాశాల భాండాగారంలోనే ఉన్నాయి. మార్లవాయిలో మిగిలింది బెట్టీ సమాధి. ఆమె 1987లో చనిపోయింది. తర్వాత ఆయన చితాభస్మం కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. అంటే మనుషులు మన దగ్గరికి తిరిగి వచ్చారు, కాగితాలు రాలేదు.

దేశం స్వతంత్రమయ్యాక ప్రణాళికలు ఢిల్లీలో తయారయ్యాయి. రెండో పంచవర్ష ప్రణాళికలో దేశమంతటా 43 ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకులు పెట్టారు. వాటి పనితీరు చూడటానికి వేసిన వెరియర్ ఎల్విన్ కమిటీ 1960లో నివేదిక ఇచ్చింది. డబ్బు, భవనాలు, సిబ్బంది ఎక్కువై గిరిజనుడికి చేరేది తక్కువైందనే విమర్శ అప్పటి నుంచే ఉంది. 1974లో ఐదో ప్రణాళికతో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది, దాని వెంట మనకు తెలిసిన ఐటీడీఏలు వచ్చాయి. దీని రూపకల్పనలో బి.డి. శర్మ ఉన్నారు. బస్తర్ కలెక్టర్‌గా చేసిన మనిషి, గణితంలో డాక్టరేటు ఉన్నవాడు. లెక్కలు అంత బాగా తెలిసినవాడే లెక్కలతో మనిషి అర్థం కాడని జీవితాంతం చెప్పడం మాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈలోగా మన దగ్గర రోడ్లు వచ్చాయి. రోడ్డు మంచిదే, దవాఖానకు పోవాలంటే అదే దిక్కు. కానీ రోడ్డు వెంట భూమి కోసం వచ్చినవాళ్లూ వచ్చారు. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తింపజేశారు. 1970లో 1/70 వచ్చి, ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము భూమి చేతులు మార్చుకోవడాన్నీ ఆపింది. చట్టం గట్టిదే. అప్పటికే పోయిన భూమి మాత్రం పోయింది. డెబ్బైల్లో మళ్లీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్, తాను ఇప్పించిన పట్టాల భూములు చేజారడం చూసి బాధపడ్డారు. ఆయన 1982 పుస్తకం నిండా ఆ బాధే. దానికి ఒక సంవత్సరం ముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన మన వాళ్ల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో 13 మంది. మన లెక్క అంతకంటే చాలా పెద్దది. అడిగింది భూమే.

బడి సంగతి కూడా ఇట్లాగే ఉంది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, బడి తెలుగులోకి మారింది. గోండి వాచకాలు మూలన పడ్డాయి. ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 ఇచ్చారు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1943లో మార్లవాయిలో ఎవరూ ప్రశ్నించని విషయం ఇది: గోండు పిల్లలకు గోండు టీచర్.

కాబట్టి మన పిల్లలు ఇప్పుడు ఆ క్లాసుల్లో కూర్చోవడం మాకు చిన్న విషయం కాదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఈ చదువులు ఉన్నాయి. విజయనగరం వైపు ఒకటి, ములుగులో ఒకటి కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. పిల్లలు పోవాలి. బడ్జెట్ చదవడం, సర్వే చేయడం, ఫైలు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం నేర్చుకోవాలి. దరఖాస్తు రాయడం రాకనే మన తాతలు భూమి పోగొట్టుకున్నారు. మా భయమల్లా ఒక్కటే, ఆ పట్టికల్లోని పదాలనే వాళ్లు కూడా తెచ్చుకుంటారేమోనని.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మా బంధువుల అమ్మాయి ఒకతె పీజీ ప్రాజెక్టు సొంత ఊరి మీదే చేసింది. బైండు చేయించిన కాపీ ఒకటి ఊరికి తెచ్చింది. అట్లా తెచ్చినవాళ్లు అరుదు, అందుకు ఆమెను మెచ్చుకోవాలి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని రాత్రి కూర్చుని గోండిలో చెప్పుకుంటూ పోయింది. భూముల పట్టిక దగ్గర ముసలి పటేల్ ఆపాడు. "గుట్ట కింది మన బీడు ఇందులో ఎక్కడుంది బిడ్డా?"

ఆమె వేలు పెట్టి వెతికింది. సాగు భూమిలో లేదు. అడవిలో లేదు. చివరికి కింది వరుసలో దొరికింది. అక్కడ 'నిరుపయోగ భూమి' అని ఉంది. తహసీల్ ఆఫీసులో ఇచ్చిన లెక్కనే దించుకున్నానని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే టేపు, నోటుబుక్కు పట్టుకుని పటేల్ వెంట గుట్ట కిందికి పోయింది. ఎవరి బీడు ఏ ఏడాది నుంచి పడుకుందో ఆయన చెబుతుంటే రాసుకుంది. ఆ పేజీలు జత చేసిన కొత్త కాపీ ఇప్పుడు ఊళ్లో ఉంది. కాలేజీలో ఉన్నది మాత్రం పాతదే.