19 ఏళ్ళ సైన్-ఆఫ్: ఇండియానా జోన్స్ మళ్ళీ వచ్చిన కథ

ప్రాజెక్టులు డబ్బుల్లేక ఆగిపోతాయని బయటివాళ్ళు అనుకుంటారు. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి తెలుసు, చాలా ప్రాజెక్టులు ఆగేది సైన్-ఆఫ్ దగ్గర. దీనికి హాలీవుడ్‌లో ఒక మంచి ఉదాహరణ ఉంది. మూడో ఇండియానా జోన్స్ సినిమా 1989లో వచ్చింది, నాలుగోది 2008లో. మధ్యలో 19 ఏళ్ళు. లూకాస్ దగ్గరో స్పీల్‌బర్గ్ దగ్గరో డబ్బులు లేకనా? కానే కాదు.

కొంచెం వెనక్కి వెళదాం. 1977 మే నెల. స్టార్ వార్స్ రిలీజ్ టెన్షన్ తట్టుకోలేక జార్జ్ లూకాస్ హవాయి చెక్కేశాడు. అక్కడే స్పీల్‌బర్గ్ కలిసి, తనకి ఓ జేమ్స్ బాండ్ సినిమా తీయాలనుందన్నాడు. బాండ్ కన్నా మంచి సరుకు నా దగ్గరుందని లూకాస్ ఒక ఐడియా చెప్పాడు. 1930ల్లో అమెరికా థియేటర్లలో వారం వారం వచ్చే సీరియల్ సినిమాల లాంటిది: ప్రతి భాగం చివర్లో హీరో చావుకి జానెడు దూరంలో ఉంటాడు, ఏమైందో తెలియాలంటే మళ్ళీ వారం రావాలి. హీరో పేరు ఇండియానా స్మిత్. ఇండియానా అన్నది లూకాస్ పెంపుడు కుక్క పేరు! స్మిత్ మాత్రం స్పీల్‌బర్గ్‌కి నచ్చక జోన్స్ అయ్యింది. హీరోగా ముందు అనుకున్న టామ్ సెలెక్ ఒక టీవీ సీరియల్ ఒప్పందంలో ఇరుక్కుపోవడంతో హారిసన్ ఫోర్డ్ వచ్చాడు. 1981లో 'రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్' దాదాపు 2 కోట్ల డాలర్లతో తయారై బ్రహ్మాండంగా ఆడింది.

1984లో వచ్చిన రెండో సినిమా 'టెంపుల్ ఆఫ్ డూమ్' కథ మన దేశంలోనే జరుగుతుంది. స్క్రిప్టు చూసిన భారత ప్రభుత్వం అభ్యంతరాలు చెప్పి మార్పులు అడిగితే, వాళ్ళు ఒప్పుకోకుండా శ్రీలంకలోని క్యాండీకి వెళ్ళి తీసుకున్నారు. విందులో పాములూ కోతి మెదడూ వడ్డించే ఆ సీను చూస్తే అభ్యంతరాలు ఎందుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. అందులో విలన్ మోలా రామ్ మనకి బాగా తెలిసిన అమ్రీష్ పురీ. తర్వాత 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లోనూ, 'ఆదిత్య 369'లోనూ మనల్ని భయపెట్టిన అదే మనిషి. 1989లో షాన్ కానరీ తండ్రిగా 'లాస్ట్ క్రుసేడ్' వచ్చింది. చివర్లో అందరూ సూర్యాస్తమయంలోకి గుర్రాలెక్కి వెళ్ళిపోతారు. శుభం కార్డు పడింది.

సరే, అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. నాలుగో సినిమా కావాలంటే లూకాస్, స్పీల్‌బర్గ్, ఫోర్డ్ ముగ్గురికీ కథ నచ్చాలి. మొదటి మూడూ 1930ల్లో జరిగే కథలు, ఇప్పుడు హీరోకి వయసైపోయింది. కాబట్టి కథని 1950లకి తెద్దాం, ఆ రోజుల్లో అమెరికాలో గ్రహాంతరవాసుల సినిమాల మోజు కాబట్టి వాళ్ళనే పెడదాం అన్నది లూకాస్ లాజిక్. కాగితం మీద తప్పు పట్టలేం. మిగతా ఇద్దరికీ అది రుచించలేదు. 1995లో జెబ్ స్టువర్ట్ ఒక స్క్రిప్టు రాశాడు. 1996లో 'ఇండిపెండెన్స్ డే' వచ్చేసరికి స్పీల్‌బర్గ్ ఇక గ్రహాంతరవాసులు వద్దన్నాడు. తర్వాత ఫ్రాంక్ డారబాంట్ రాసింది స్పీల్‌బర్గ్‌కి తెగ నచ్చింది, లూకాస్‌కి నచ్చలేదు. అది చెత్తబుట్టకి. చివరికి డేవిడ్ కెప్ రాసిన దానికి ముగ్గురూ సరేనన్నారు.

మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకి ఈ 'సరే' ఎలాంటిదో తెలుసు. అందరికీ నచ్చిందని కాదు, ఎవరికీ మరీ అభ్యంతరం లేదని అర్థం. గ్రహాంతరవాసులు వేరే లోకంవాళ్ళుగా మారి లోపలికొచ్చారు. హీరో సీసపు పూత ఉన్న ఫ్రిజ్‌లో దూరి అణుబాంబు నుంచి బయటపడ్డాడు. 2008 మే 22న 'కింగ్‌డమ్ ఆఫ్ ద క్రిస్టల్ స్కల్' రిలీజైంది. అభిమానులు తలలు బాదుకున్నారు. కలెక్షన్లు? దాదాపు 79 కోట్ల డాలర్లు! జనాన్ని పట్టించుకోనక్కర్లేదని నిర్మాతలు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

నా లెక్క వేరు. ఆ 79 కోట్లు నాలుగో సినిమాకి వచ్చినవి కావు, మొదటి మూడు సినిమాలు జనం దగ్గర దాచిపెట్టిన డిపాజిట్ అది. 19 ఏళ్ళు వడ్డీ పెరిగింది, ఒక్క దెబ్బకి తీసేశారు. 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని కొనేసింది. 2023లో, 80 ఏళ్ళ ఫోర్డ్‌తో, స్పీల్‌బర్గ్ డైరెక్షన్ లేకుండా 'డయల్ ఆఫ్ డెస్టినీ' వచ్చింది. ఖర్చు 30 కోట్ల డాలర్ల దాకా అయ్యిందంటారు, వచ్చింది దాదాపు 38 కోట్లు. థియేటర్ల వాటా పోగా ఏం మిగులుతుంది? 1981 సినిమాకి రీ-రిలీజులతో కలిపి వచ్చిందే సుమారు 39 కోట్లు. అంటే రూపాయి విలువ, అదే డాలరు విలువ, లెక్కలోకి తీసుకోకపోయినా మొదటి సినిమాని దాటలేదన్నమాట. వయసు, కోవిడ్ తర్వాత మారిన అలవాట్లు, ఇంకా కారణాలు ఉండొచ్చు. కానీ బ్యాంకులో బాలెన్స్ అయిపోయిందన్నది కూడా అందులో ఒకటి. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ 4 అమ్ముడుపోయింది వెర్షన్ 3 పేరు మీద, వెర్షన్ 4 బగ్గులకి కస్టమర్ శిక్ష వేసింది వెర్షన్ 5కి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనకీ ఒక బాకీ ఉంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'కి సీక్వెల్ ఉంటుందని బాలకృష్ణ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 30 ఏళ్ళు దాటిపోయాయి. వస్తే మొదటిరోజు టికెట్ కోసం కొట్టుకునేవాళ్ళలో నేనూ ఉంటాను, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ టికెట్ డబ్బులు నేను కొత్త సినిమాకి ఇస్తున్నవి కావు, టైమ్ మెషిన్‌లో కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్ళిన ఆ పాత సినిమాకి ఇస్తున్నవి. తీసేవాళ్ళకి ఆ సంగతి గుర్తుంటే చాలు. మీరేమంటారు?