లాకోన్స్ (హైదరాబాదు)

లాకోన్స్ అనునది హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునకు (సి.సి.ఎం.బి.) అనుబంధమై, అంతరించిపోవుచున్న జంతుజాతుల సంరక్షణమునకై పాతబస్తీకి చేరువనున్న అత్తాపూరులో నెలకొల్పబడిన పరిశోధనశాల. జన్యుశాస్త్రజ్ఞుడు లాల్జీ సింగ్ సంకల్పముతో, కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, సి.ఎస్.ఐ.ఆర్., ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముల తోడ్పాటున 1998లో ఆరంభమైన ఈ సంస్థను 2007 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం జాతికి అంకితమొనర్చెను.

ఇచ్చటి విద్య ముఖ్యముగా డాక్టరేటు స్థాయికి చెందినది. విజ్ఞానశాస్త్రములందు స్నాతకోత్తర పట్టము పొంది, జాతీయ అర్హతాపరీక్షయందు పరిశోధన వేతనమునకు ఎన్నికైనవారు ఇందు ప్రవేశింతురు. వేటనేరములలో పట్టుబడిన మాంసఖండమునుండియైనను జంతుజాతిని నిర్ణయించు డి.ఎన్.ఏ. పరీక్ష, జంతువును తాకకయే మలావశేషములలోని హార్మోనులనుబట్టి దాని పునరుత్పత్తిస్థితిని గ్రహించుట, బీజకణములను అతిశీతలమున భద్రపరచుట, కృత్రిమ గర్భధారణము ఇందలి ప్రధాన విషయములు. వీనిలో మొదటిది న్యాయస్థానములకును అటవీశాఖలకును మిక్కిలి ఉపకరించినది.

పాతబస్తీలోని బహదూర్‌పురాలో, మీరాలం చెరువు చెంత, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఈ పరిశోధనలకు సన్నిహిత ప్రయోగక్షేత్రము. అచ్చట 2010లో మొదలైన మూషిక జింకల సంవర్ధనము ఫలింపగా, 2017లో వానిలో కొన్నిటిని నల్లమలయందలి అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు తరలించిరి.