దిగువస్థాయి టెన్నిస్ అంచనా మార్కెట్లు

దిగువస్థాయి టెన్నిస్ అంచనా మార్కెట్లు అనగా ఎ.టి.పి., డబ్ల్యు.టి.ఎ. ప్రధాన పర్యటనల కంటే క్రిందిస్థాయిలో జరిగే వృత్తి టెన్నిస్ ఆటల ఫలితాలపై జనం తమలో తాము డబ్బు ఒడ్డి, ఆ పందేలను కొని అమ్ముకొనే మార్కెట్లు. ఛాలెంజర్ పోటీలు, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐ.టి.ఎఫ్.) ఆధ్వర్యంలో 15,000 డాలర్ల మొత్తం బహుమతితో మొదలయ్యే పోటీలు ఈ కోవకు చెందుతాయి. మార్కెట్లో పలికే ధరే గెలుపు అవకాశానికి సరైన కొలత అన్నది వీటి వెనుకనున్న సిద్ధాంతం. అయితే ఫలితాన్ని ఒక్క మనిషే మార్చగలిగిన ఆటలో, ఆ మనిషి సంపాదన దారిఖర్చులకు కూడా చాలనప్పుడు, ధర దేనిని కొలుస్తున్నదన్న ప్రశ్న తలెత్తుతుంది.

ధర ఏర్పడే విధానం

సాధారణ పందెంలో ధరను బుకీ నిర్ణయిస్తాడు. ఎక్స్ఛేంజిలో పందెం కాసేవారే ఒకరికొకరు ఎదురు నిలుస్తారు, నిర్వాహక సంస్థ రుసుము మాత్రం తీసుకుంటుంది. లండన్‌లో 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ ఈ పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించింది. ఒక ఆటగాడి ధర 1.50 అయితే 100 పౌండ్లు కాసినవారికి గెలిస్తే 150 పౌండ్లు తిరిగి వస్తాయి. అంటే అతడు గెలిచే అవకాశం మూడింట రెండు వంతులని మార్కెట్ భావిస్తున్నదన్నమాట. అమెరికాలో కల్షి, పాలీమార్కెట్ వంటి వేదికలు ఇదే విషయాన్ని ఒప్పందాల రూపంలో అమ్ముతాయి. గెలిస్తే ఒక డాలరు ఇచ్చే ఒప్పందం 60 సెంట్లు పలికితే గెలుపు అవకాశం 60 శాతంగా లెక్క. కల్షి 2025లో క్రీడా ఒప్పందాలను ప్రారంభించింది.

పూర్వం బుకీకి మాత్రమే చేతనైన పని ఒకటి ఎక్స్ఛేంజి వలన అందరికీ సాధ్యమైంది. ఒక ఆటగాడు ఓడిపోతాడని ఎవరైనా పందెం కాయవచ్చు. గెలవడం ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు గాని, ఓడిపోవడం ఆటగాడి చేతిలోనే ఉంటుంది.

టెన్నిస్‌లో "డ్రా" ఉండదు, ప్రతి పాయింటు తరువాత ధర మారుతుంది. కనుక ఆట నడుస్తుండగా సాగే పందేలకు ఇది బాగా అనువైనది. చిన్న పోటీలలో ప్రేక్షకులు పదుల సంఖ్యలో కూడా ఉండకపోవచ్చు. అక్కడ అంపైరు తన చేతిలోని చిన్న యంత్రంలో నొక్కిన స్కోరే ప్రపంచమంతటా ఉన్న పందెగాళ్ళకు కన్ను. ఈ స్కోరును అందించే హక్కులను ఐ.టి.ఎఫ్. స్పోర్ట్‌రాడార్ అనే సంస్థకు అమ్మింది. కొందరు అంపైర్లు స్కోరు నమోదును కావాలని ఆలస్యం చేసి, ఆ కొద్ది క్షణాలలో తమవారికి లాభం చేకూర్చినట్లు 2016లో వెల్లడైంది. మైదానంలో కూర్చొని స్కోరును ముందుగా చేరవేయడాన్ని "కోర్ట్‌సైడింగ్" అంటారు. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ సందర్భంగా మెల్‌బోర్న్‌లో ఒక బ్రిటిష్ పౌరుడిని ఈ ఆరోపణపై అరెస్టు చేశారు, తరువాత ఆ కేసును ఉపసంహరించుకున్నారు.

సోపాట్ సంఘటన

2007 ఆగస్టు 2న పోలెండులోని సోపాట్‌లో నికొలాయ్ దవిదెంకో, మార్టిన్ వసాయో అర్గుయెయో తలపడ్డారు. ఇది ప్రధాన పర్యటనకు చెందిన పోటీయే. అయినా తరువాత దిగువస్థాయిలో జరిగిన చర్చకంతటికీ ఇదే మూలం. అప్పటికి దవిదెంకో ప్రపంచ నాల్గవ ర్యాంకు ఆటగాడు. అతడు మొదటి సెట్టును 6-2తో గెలిచాడు. ఆ తరువాత అతడి గెలుపు అవకాశం పెరగాలి, కాని బెట్‌ఫెయిర్‌లో డబ్బు ప్రత్యర్థి వైపు ప్రవహించింది. దవిదెంకో రెండవ సెట్టు ఓడి, మూడవ సెట్టులో గాయం కారణంగా వైదొలగాడు. ఇటువంటి ఆటపై మామూలుగా జరిగే పందేలకు సుమారు పదిరెట్లు, దాదాపు 34 లక్షల పౌండ్ల మేరకు పందేలు నడిచాయి. బెట్‌ఫెయిర్ వాటన్నిటినీ రద్దు చేసింది. ఏడాదికి పైగా విచారణ జరిపిన ఎ.టి.పి. 2008 సెప్టెంబరులో ఇద్దరు ఆటగాళ్ళనూ నిర్దోషులుగా ప్రకటించింది. ధర అనుమానాన్ని లేవనెత్తగలదు గాని నేరాన్ని రుజువు చేయలేదని ఈ సంఘటన చూపింది. అదే సంవత్సరం టెన్నిస్ సమగ్రతా విభాగం ఏర్పడింది. 2021లో దాని స్థానంలో అంతర్జాతీయ టెన్నిస్ సమగ్రతా సంస్థ వచ్చింది.

ఆటగాళ్ళ ఆదాయం

ఆడమ్ లూయిస్ అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో వెలువరించిన నివేదిక ఈ విషయంలో ముఖ్యమైనది. వృత్తి క్రీడాకారులుగా పేరున్నవారు సుమారు 15,000 మంది కాగా, శిక్షకుడి జీతం లెక్కించకుండానే ఖర్చులు రాబట్టుకోగలవారు పురుషులలోనూ స్త్రీలలోనూ 250 నుండి 350 మంది మాత్రమేనని సంఘం తేల్చింది. 15,000 డాలర్ల పురుషుల పోటీలో సింగిల్స్ మొదటి రౌండులో ఓడినవారికి దక్కేది 200 డాలర్లకు లోపే. ఆ ఆటపై పందెం కాసేవారికి అందులో అనేక రెట్లు లభించవచ్చు. సంఘం ప్రశ్నించిన 3,200 మందికి పైగా ఆటగాళ్ళలో 464 మంది ఫలితాల తారుమారు గురించి తమకు ప్రత్యక్షంగా తెలుసునని చెప్పారు.

తారుమారు అంటే ఆట మొత్తం ఓడిపోవడమే కానక్కరలేదు. ఒక సెట్టును, ఒక్కోసారి ఒక్క గేమ్‌ను వదిలి, చివరకు ఆట గెలిచినా పందెగాడి పని నెరవేరుతుంది. ర్యాంకు పాయింట్లు పోవు కాబట్టి ఆటగాడి మనస్సాక్షికి కూడా ఇది సులువుగా తోస్తుంది. 180 మందికి పైగా ఆటగాళ్ళతో సంబంధాలు నడిపిన ఒక ముఠా నాయకుడికి బెల్జియం న్యాయస్థానం 2023లో ఐదేళ్ళ జైలుశిక్ష విధించింది.

అత్యంత దిగువస్థాయి పోటీల ప్రత్యక్ష స్కోరు అమ్మకాన్ని ఆపివేయాలని సంఘం మధ్యంతర నివేదికలో సిఫారసు చేసింది. అధికారిక స్కోరు ఆగిపోతే దొంగచాటు స్కోరుపై పందేలు సాగుతాయనీ, అప్పుడు అనుమానాస్పదమైన ధరలను పసిగట్టే దారి కూడా మూసుకుపోతుందనీ ఎదుటివారి వాదన. ఈ వాదనలో నిజం లేకపోలేదు గాని, ఆ స్కోరు అమ్మకంతో వారికి లాభం ఉన్నదన్న సంగతిని కూడా గమనించాలి.

భారతదేశంలో

ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టసవరణల ద్వారా నిషేధించాయి. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.