పదహారు రూపాయల దూరం: భారతదేశంలో మోటార్‌సైకిల్ బీమా ధరల చరిత్ర

మోటార్‌సైకిల్ బీమా ధర ప్రాంతాన్ని బట్టి, సంస్థను బట్టి మారుతుందన్నది సాధారణ నమ్మకం. ఆ మార్పు ఎప్పుడు, ఎంత మేరకు నిజమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2002 జులై 1 నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్ ద్విచక్ర వాహనాల సొంత నష్టపు బీమా కోసం దేశాన్ని రెండు మండలాలుగా విభజించింది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె ‘ఎ’ మండలం. మిగిలిన దేశమంతా ‘బి’ మండలం. విశాఖపట్నాన్నీ, వరంగల్‌నూ, బస్సు సౌకర్యం లేని పల్లెనూ ఒకే గాటన కట్టిన విభజన ఇది. ఐదేళ్లు దాటని, 150 సీసీకి మించని బండికి ‘ఎ’ మండలంలో బీమా విలువపై 1.708 శాతం, ‘బి’ మండలంలో 1.676 శాతం ప్రీమియం. విలువ 50,000 రూపాయలైతే హైదరాబాద్‌లో 854, వరంగల్‌లో 838. తేడా పదహారు రూపాయలు. అదే విలువ గల బండి ఇంజిన్ 350 సీసీ దాటితే హైదరాబాద్‌లో రేటు 1.879 శాతానికి, అంటే సుమారు 940 రూపాయలకు చేరేది. ధరను నిర్ణయించడంలో ఊరికంటే ఇంజిన్‌కే ప్రాధాన్యం ఎక్కువన్నమాట.

సంస్థల మధ్య తేడా అప్పటికి దాదాపు లేదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని నిర్బంధ బీమా నిబంధనలు 1946 జులై 1న అమలులోకి వచ్చాయి. 1968 సవరణతో టారిఫ్ సలహా సంఘం చట్టబద్ధమైంది. 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమై 107 సంస్థలు నాలుగింటిలో కలిశాయి. ఆ నాలుగూ అమ్మినది ఒకే రేట్ల పట్టికను. 2000 తరువాత ప్రైవేటు సంస్థలు వచ్చినా ఆ పట్టిక మారలేదు.

2007 జనవరి 1న సొంత నష్టపు రేట్లపై నియంత్రణ తొలగింది. ఇక్కడినుంచే ధరల పోలికకు అర్థం ఏర్పడింది, అది కూడా సగమే. ఎదుటివారికి కలిగే నష్టానికి చెల్లించే థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వ నిర్ణయంలోనే మిగిలింది. 2022 జూన్ 1 నుంచి 75–150 సీసీ బండికి అది 714 రూపాయలు, 350 సీసీ దాటితే 2,804. ఏ ఊరైనా, ఏ సంస్థ అయినా అంతే. పోటీ అంతా రెండో భాగంలోనే. అక్కడ కూడా బండికి ప్రకటించిన విలువను తగ్గించి ప్రీమియాన్ని చౌకగా చూపవచ్చు. కనుక ఒకే విలువ మీద కాక చేసిన పోలికకు ప్రమాణత్వం లేదు.

ధరల పట్టికలో కనిపించని తేడా మరొకటి ఉంది; నా దృష్టిలో అదే పెద్దది. చట్టం కోరే కనీస పాలసీ వెనక సీటులో ఉచితంగా ప్రయాణించే వ్యక్తికి వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమగ్ర పాలసీలో ఆ వ్యక్తికి రక్షణ ఉంటుందని 2009 నవంబరులో నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది. మన రోడ్ల మీద ఆ సీటులో కూర్చునేది ఎక్కువగా భార్య, తల్లి, బడికి వెళ్లే పిల్లలు. 714 రూపాయల పాలసీ ఒక్కటే తీసుకున్న ఇంట్లో, బండి నడిపినవారి తప్పు వల్ల జరిగిన ప్రమాదంలో వారు గాయపడితే ఆ పాలసీ నుంచి పరిహారం అడిగే హక్కు వారికి ఉండదు.